అవ్వ గొంతు ముప్పై సెకన్లే మిగిలింది



మా అవ్వ సోది చెబుతుండగా తీసిన వీడియో ఒకటి మా ఇంట్లో ఉండేది. నలభై నిమిషాలది. దొర్నిపాడులో మా ఇంటి ముందర అరుగు మీద కూర్చుని, ముందు బుట్ట పెట్టుకుని, చేతిలో పుల్ల పట్టుకుని, దేవతలందరినీ పేరుపేరునా పిలిచి మొదలుపెట్టింది. మధ్యలో ఆపి మా ఎరుకల భాషలో మా అమ్మను రెండు మాటలు తిట్టి, మళ్లీ సోదిలోకి పోయింది. తీసింది మా చిన్నాయన కొడుకు. తీస్తుంటే అవ్వ అడిగింది, "నా మాట ఆ డబ్బాలో నిలిచి ఉంటాదా నాయనా?" అని. "ఉంటాది లే అవ్వా" అన్నాడు వాడు.

ఉండలేదు. ఫోన్ నిండిపోయింది. ఖాళీ చేస్తేగానీ పనిచేయనని మొరాయించింది. వాడు అందులో ముప్పై సెకన్లు కోసి స్టేటస్ పెట్టుకుని, మిగతాదంతా డిలీట్ చేశాడు. అప్పుడది తప్పని మాకెవరికీ తోచలేదు. అవ్వ ఉంది గదా, ఇంకోసారి చెప్పిద్దాంలే అనుకున్నాం. ఆ మరుసటి ఎండాకాలం అవ్వ పోయింది. ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఆ ముప్పై సెకన్లే.

తమ్ముణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నంద్యాలలో డిగ్రీ చదివిన నాకే ఆ రోజు ఒక చిన్న సంగతి తెలియదు. మామూలు ఫోన్‌లో బాగా కనబడేటట్టు వీడియో తీస్తే నిమిషానికి నూరు మెగాబైట్ల దాకా పోతుంది. నలభై నిమిషాలంటే నాలుగు జీబీ. కానీ ఆ వీడియోలోని శబ్దం ఒక్కటే బయటికి తీస్తే నిమిషానికి ఒక మెగాబైటు చాలు. నలభై నిమిషాల అవ్వ గొంతు నలభై మెగాబైట్లలో పట్టేది. మన ఫోన్లలో ఉండే పెళ్లి ఫొటోలు ఒక పది తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌తో, ఐదు నిమిషాల్లో అయ్యే పని అది.

అందుకే ఇది రాస్తున్నా. వీడియో నుంచి గొంతును వేరు చేసే పని మన పిల్లలు ప్రతి గూడెంలో, ప్రతి వాడలో నేర్చుకోవాలి. మన చేతిలో నడిచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే ఆ పని చేయాలి. ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లకు మన పెద్దల మాట ఎక్కించకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో వివరంగా చెబుతా.

మన రికార్డు ఎవరి చేతిలో ఉండింది?

1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే మనుషుల్ని నేరస్థుల లెక్కలో రాసుకున్న చట్టం అది. మా ఎరుకల వాళ్లలో ఎంతోమంది పేర్లు ఆ పుస్తకాల్లోకి ఎక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసు ముందు హాజరీ వేయించుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లయ్యాక, 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర చట్టంలో తొలగిపోలేదు. అంటే మా తాతల గురించి మొట్టమొదట ఒద్దికగా రికార్డు రాసి దాచింది పోలీసులు. ఆ రికార్డులో మా తాత వేలు ఉంది, మాట లేదు.

పోలీసులనే అనుకోవద్దు. యక్షగానాల్లో ఎరుకత, కొరవంజి అని మా ఆడవాళ్ల వేషం వందల ఏళ్లుగా కడుతున్నారు. ఆ మాటలు రాసింది మేము కాదు. నల్లమల చెంచుల గురించి హైమన్‌డార్ఫ్ 1943లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. కష్టపడి చేసిన పని, కాదనను. కానీ చెంచు పెద్ద చెప్పింది ఆయన ఇంగ్లిషులోకి మారి మనకు చేరింది. ఆ పెద్ద తన గొంతుతో ఏం చెప్పాడో, ఎక్కడ ఆగాడో, ఎక్కడ నవ్వాడో ఆ పుస్తకంలో వినబడదు.

ఇంకో మాట. తెలుగులో "సోది చెప్పకురా" అంటే ఏమని అర్థం? పనికిమాలిన మాటలు చెప్పొద్దని. మా అవ్వలు నడిచి నడిచి ఊరూరా తిరిగి కడుపు నింపుకున్న విద్య పేరు, ఇవాళ కాలేజీ క్యాంటీన్‌లో తిట్టు. ఆ మాట వాడే నా స్నేహితుల్లో ఒక్కడు కూడా సోది మొత్తం విన్నవాడు కాడు. వినిపిద్దామంటే నా దగ్గర ముప్పై సెకన్లకు మించి లేదు.

గొంతును వేరు చేయడం ఎందుకు?

వీడియో ఉంది గదా, దాన్నే దాచుకుంటే పోదా అని అడుగుతారు. దాచగలిగితే దాచాలి. దాని సంగతి కిందికి వస్తా. కానీ మన పరిస్థితి చూడండి. అహోబిలం అవతల అడవి అంచున ఉన్న గూడేల్లో సిగ్నల్ కోసం రాయెక్కి నిలబడే చోట్లు ఉన్నాయి. అక్కడికి వీడియో పంపితే తిరుగుతూనే ఉంటుంది. ఆడియో అయితే బ్లూటూత్‌లో పోతుంది, మెమొరీ కార్డులో పోతుంది, బటన్ల ఫోన్‌లో కూడా మోగుతుంది. పత్తి తీస్తూ వినవచ్చు, బుట్ట అల్లుతూ వినవచ్చు. కళ్లు సరిగా కనబడని ముసలవ్వలకు తెర అక్కర్లేదు.

గొంతుతోనే పెద్ద పనులు జరిగిన దాఖలాలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర అని నడుస్తోంది. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు కాల్ చేసి ఆదివాసీలు తమ భాషలో తమ ఊరి సమస్య చెబితే, అది రికార్డయి మిగతా వాళ్లకు ఫోన్‌లోనే వినబడుతుంది. చదువు రాకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసింది. మన తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో దళిత మహిళలే నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడారు. బొమ్మ కాదు, గొంతే వాళ్లకు బలమైంది.

ఇక మనకు సొంతంగా తగిలిన సంగతి చెబుతా. మొన్నామధ్య నల్లమల అంచున ఒక చెంచు గూడెంలో అటవీ హక్కుల క్లెయిమ్ కాగితాలు సిద్ధం చేయడానికి మేము నలుగురం పోయినాం. అక్కడొక తాత ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఏ వాగు దగ్గర గడ్డలు తవ్వేవాళ్లు, ఏ చెట్లకు తేనె పట్టేది, వాళ్ల నాయనను ఎక్కడ పూడ్చారు, దేవర రాయి ఎక్కడుంది, అన్నీ చెప్పాడు. మాలో ఒకరు వీడియో తీశారు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా. రాత్రి చూసుకుంటే నా రాతలో ఉన్నది మూడు లైన్లు. "సదరు గ్రామ పెద్ద తమ పూర్వీకుల కాలం నుండి అటవీ ఫలసాయం సేకరించుచున్నట్లు తెలిపినారు." అంతే. ఇరవై ఐదు నిమిషాల మనిషిని మూడు లైన్ల ఆఫీసు తెలుగులో పూడ్చిపెట్టింది ఎవరో బయటి అధికారి కాదు, చదువుకున్న నేను.

ఆ రాత్రి ఆ వీడియో నుంచి ఆడియో తీసి, చెవిలో పెట్టుకుని, ఆపుతూ వెనక్కి జరుపుతూ మళ్లీ రాశాం. నాలుగు పేజీలైంది. వాగుల పేర్లు వచ్చాయి. సమాధుల చోటు వచ్చింది. మరుసటి రోజు ఆ ఆడియో గూడెంలో పెట్టి, రాసింది చదివి వినిపించాం. ఒక అవ్వ లేచి, "ఆ వాగు పేరు అట్ల కాదు" అని దిద్దింది. అప్పుడు గానీ అది గూడెం కాగితం కాలేదు.

ఇది చట్టానికీ సంబంధించిన సంగతే. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వ నియమం ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో చెబుతుంది. ప్రభుత్వ కాగితాలే కాదు, బావులు, సమాధులు, పవిత్ర స్థలాల లాంటి పాత గుర్తులూ చెల్లుతాయి. క్లెయిమ్ వేసినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. గమనించండి, "రాతలో పెడితే" అని ఉంది. రాత సరిగా ఉండాలంటే మాట సరిగా వినబడాలి. మళ్లీ మళ్లీ వినబడాలి. ఆడియో చేసే పని అదే.

బుట్టలోంచి తీసినట్టు

ఇప్పుడు పని ఎట్లా చేస్తారో చూద్దాం. వీడియో ఫైలు అంటే ఒక బుట్ట అనుకోండి. అందులో రెండు వస్తువులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి బొమ్మ, రెండోది శబ్దం. ఎంపీ4 అనేది బుట్ట పేరు మాత్రమే. బొమ్మను తాకకుండా శబ్దాన్ని ఎత్తి వేరే బుట్టలో పెట్టవచ్చు. అట్ల ఎత్తి పెడితే శబ్దం వెంట్రుకవాసి కూడా చెడదు. కానీ చాలా యాప్‌లు ఎత్తి పెట్టవు, విప్పి మళ్లీ అల్లుతాయి. ఫోన్‌లో ఉన్న శబ్దాన్ని ఎంపీ3గా మార్చడం అంటే అదే. విప్పి అల్లిన ప్రతిసారీ కొంత బరికె విరుగుతుంది. ఒకసారి మారిస్తే చెవికి తెలియకపోవచ్చు. వాట్సాప్‌లో నలిగి, యాప్‌లో మారి, ఇంకొకరి ఫోన్‌లో మళ్లీ మారితే, ముసలాయన సన్నటి గొంతు గరగరలో కలిసిపోతుంది.

అందరికీ సులువైన దారి వీఎల్‌సీ. పారిస్‌లో విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని, 2001 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఉంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ తెరిచి పైన మీడియా అనే చోట నొక్కి, కన్వర్ట్/సేవ్ ఎంచుకోండి. మీ వీడియో ఫైలును చేర్చండి. ప్రొఫైల్ అనే చోట ఆడియో - ఎంపీ3 పెట్టండి. ఎక్కడ దాచాలో చూపించి స్టార్ట్ నొక్కండి. అయిపోయింది. ఇందులో శబ్దం ఎంపీ3గా మారుతుంది. ఊళ్లో పంచడానికి, బటన్ల ఫోన్‌లో వినడానికి ఇది చాలు.

దాచిపెట్టే కాపీకి మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ మేలు. ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టాడు. బటన్లు ఉండవు, ఒక లైను టైపు చేయాలి. భయపడొద్దు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని రాసి, హైఫన్ ఐ పెట్టి వీడియో పేరు ఇవ్వాలి. తర్వాత హైఫన్ వీఎన్, అంటే వీడియో వద్దు అని. తర్వాత హైఫన్ ఏకోడెక్ కాపీ, అంటే శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టే ఎత్తు అని. చివర కొత్త ఫైలు పేరు, చుక్క, ఎం4ఏ. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కితే గంట వీడియో అయినా కొన్ని సెకన్లలో పని ముగుస్తుంది. మళ్లీ అల్లడం లేదు గదా, అందుకని. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ వేసుకుని దానిలో కూడా ఇదే లైను నడపవచ్చు.

గాలి హోరు, మోటారు చప్పుడు తగ్గించాలంటే ఆడాసిటీ ఉంది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో బయటికొచ్చింది. వినడానికి ఇచ్చే కాపీని దానితో శుభ్రం చేసుకోండి. సాక్ష్యంగా దాచే కాపీని మాత్రం దానిలో పెట్టి దిద్దొద్దు.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

"ఇంత కష్టమెందుకన్నా, గూగుల్‌లో కొడితే వీడియో టు ఎంపీ3 అని వంద వెబ్‌సైట్లు వస్తాయి గదా" అంటారు తమ్ముళ్లు. నేనూ అట్లనే చేసినదాకా వచ్చినా. ఒక మీటింగులో ఆడవాళ్లు తమ భూమి గురించి, తమను బెదిరించిన వాళ్ల గురించి పేర్లతో సహా మాట్లాడిన వీడియోను అట్లాంటి ఒక సైట్‌లో ఎక్కించినా. ఆడియో దిగింది, సంతోషపడినా. రాత్రి పడుకున్నాక తట్టింది. ఆ వీడియో ఇప్పుడు ఎక్కడుంది? ఎవరి కంప్యూటర్‌లో ఉంది? తీసేశారా? అడుగుదామంటే అడిగేందుకు మనిషి లేడు, అడ్రసు లేదు. ఆ ఆడవాళ్లకు నేను ఏమని జవాబు చెప్పాలి?

డబ్బు తీసుకోనిదంతా మనది కాదు. వీఎల్‌సీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ మన మిషన్‌లోనే పనిచేస్తాయి. ఫైలు గడప దాటదు. ఇంటర్నెట్ తీసేసి కూడా నడుస్తాయి. వాటి లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి కాపీ ఇవ్వవచ్చు. అందుకే వాటిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. మన తెలుగు నేల మీద ఈ మాట చెబుతున్న ఉద్యమం పేరే స్వేచ్ఛ. అడవిలో ఉసిరికాయ కోసుకోవడానికి ఎవరి చీటీ అక్కర్లేదని మనం అంటాం గదా, పనిముట్టు విషయంలోనూ అదే మాట అంటున్నా. మన పనిముట్టు మీద ఇంకొకడి తాళం ఉండకూడదు.

ఒరిజినల్ పోగొట్టుకోవద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆడియో తీశాం గదా అని వీడియో డిలీట్ చేయొద్దు, ముఖ్యంగా గ్రామసభది, హక్కులకు సంబంధించినది. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. పాత చట్టం కింద కూడా, కాపీని సాక్ష్యంగా ఇస్తే ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టంగా చెప్పింది.

హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ అంకెల వరుస మొత్తం మారిపోతుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ దాన్ని తీసే పనిముట్టు ముందే ఉంటుంది, కొనక్కర్లేదు. వీడియో తీసిన రోజే ఆ అంకెలు తీసి గ్రామసభ పుస్తకంలో రాసుకుంటే, రేపు ఎవరైనా "ఇది మీరు మార్చారు" అంటే జవాబు ఉంటుంది. ఒకప్పుడు మన వేలిముద్రలు వాళ్ల పుస్తకంలో ఉండేవి. ఇప్పుడు మన సాక్ష్యం వేలిముద్ర మన పుస్తకంలో ఉండాలి.

ఇంకో జాగ్రత్త. ఫోన్ నుంచి ఫోన్‌కు వీడియో మామూలుగా వాట్సాప్‌లో పంపితే అది నలిగిపోయి వేరే ఫైలవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టి తీసుకోండి.

అడగకుండా తీస్తే అదీ దోపిడీయే

గొంతును వేరు చేయడం సులువు కాబట్టే ఇంకో భయం ఉంది. మన పాటలు ఇట్లనే తీసి, డీజే దరువు కలిపి, వాళ్ల పేరు పెట్టుకుని వదులుతున్నారు. సోది చెప్పే అవ్వ గొంతు తీసి కామెడీ రీళ్లకు వెనక అంటిస్తున్నారు. పాడిన మనిషికి తెలియదు. బయటివాళ్లు చేస్తే మనకు కోపం వస్తుంది. మన పిల్లలే చేస్తే "వైరల్ అయింది" అని సంబరపడుతున్నాం. ఈ పద్ధతి మనం మానుకోవాలి.

అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్‌లో ఒకటో ఉపసెక్షన్ కింద కే అనే క్లాజు ఉంది. జీవవైవిధ్యం, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన మేధో సంపత్తి, సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని అది చెబుతుంది. సమాజానికి అని ఉంది, ఫోన్ పట్టుకున్నవాడికి అని లేదు. మందు మొక్కల పేర్లు చెప్పిన తాత మాటను యూట్యూబ్‌లో పెట్టే ముందు ఆ తాతనూ, ఆ గూడేన్నీ అడగాలి. కొన్ని పాటలు బయట పాడేవి కావు. కొన్ని మాటలు ఇంట్లోనే ఉండాలి. ముఖం తీసేసి గొంతు ఒక్కటే పెట్టాం, ఎవరికీ తెలియదులే అనుకోవద్దు. ఊళ్లో గొంతును ఎవరైనా గుర్తుపడతారు. బెదిరింపులున్న చోట అది ప్రాణం మీదికి వస్తుంది.

"భూమే లేదు, ఆడియో ఎందుకు?"

మన సంఘంలో ఒక పెద్దన్న నన్ను అడిగిన మాట ఇది. పట్టాలు రాలేదు, కుల సర్టిఫికెట్లకు తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోతున్నాయి, నువ్వేమో పిల్లలకు సాఫ్ట్‌వేర్ అంటున్నావు అన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే. రోడ్డెక్కాల్సిన రోజు రోడ్డెక్కాలి. ఆడియో ఫైలు ధర్నాకు బదులు కాదు.

కానీ అన్నా, ఆ పట్టాకు సాక్ష్యం చెప్పే ముసలోళ్లు ఏటా ఒక్కరొక్కరే పోతున్నారు. దరఖాస్తు ఆఫీసులో ఏళ్లు ఉండవచ్చు, మనిషి ఉండడు గదా. మా ఎరుకల భాషకు లిపి లేదు. నా తరంలో సగం మందికి అది అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. నా తర్వాతి పిల్లలకు అర్థం కూడా కాదు. లిపి లేని భాషకు గొంతే పుస్తకం. ఆ పుస్తకం మన ఫోన్లలో వీడియోల కింద పడి ఉంది. ఫోన్ నిండిన రోజు పోతోంది.

ఇంకొకరు అడిగారు, బుట్ట అల్లే వేళ్లు ఆడియోలో ఎట్లా కనబడతాయి అని. కనబడవు. అక్కడ వీడియోనే కావాలి. చేతి పనికి బొమ్మ, మాటకు గొంతు. దాచగలిగిన చోట రెండూ దాచండి. దాచలేని చోట గొంతైనా మిగలనివ్వండి.

మనం ఏం చేద్దాం

మండలానికి ఒక ల్యాప్‌టాప్ ఉన్నా చాలు. హాస్టల్లో చదివే ఒక పిల్లో పిల్లోడో పని నేర్చుకుని ఇంకో నలుగురికి నేర్పితే చాలు. నేను అడిగేవి ఇవి.

రికార్డు మొదలుపెట్టగానే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు, వాళ్ల ఒప్పుకోలు వాళ్ల నోటితోనే చెప్పించండి. ఎవరెవరు వినవచ్చో కూడా అడగండి. అది ఆ ఫైలులోనే ఉండిపోతుంది.

ఫైలుకు పేరు పెట్టండి. తేదీ, ఊరు, విషయం. అంకెల వరుసగా వదిలేస్తే రెండేళ్లకు మనమే వెతుక్కోలేం.

మూడు కాపీలు ఉంచండి. ఒకటి గూడెంలో మెమొరీ కార్డులో, ఒకటి సంఘం హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గర. ఒక ఇల్లు కాలినా, ఒక ఫోన్ పోయినా మాట పోకూడదు.

తీసిన ఆడియో ఆ ఊరికి తిరిగి తీసుకుపోయి వినిపించండి. దిద్దమనండి. వినిపించకుండా మనమే దాచుకుంటే, పాత దొరలకూ మనకూ తేడా ఏముంది?

మొన్న ఆదివారం మా తమ్ముడు వచ్చాడు. అవ్వ వీడియో డిలీట్ చేసినవాడే. వాడి ఫోన్‌లో మా పెద్దమ్మ మాట్లాడిన వీడియోలు మూడు ఉన్నాయి. పెద్దమ్మకు కూడా సోది వచ్చు, చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. ముందు పెద్దమ్మను అడిగాం. "నాదేముందిరా, తీసుకో. కానీ నవ్వేవాళ్లకు వినిపించొద్దు" అంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైను వాడే కొట్టాడు. మొదటిసారి అక్షరం తప్పుకొట్టి ఎర్రగా ఏదో వచ్చింది. రెండోసారి అయింది. పదకొండు నిమిషాల గొంతు పదకొండు మెగాబైట్లు. ఆమె పెట్టిన షరతు కూడా ఫైలు పక్కన రాసి పెట్టుకున్నాం.

మీ ఫోన్ ఇప్పుడే తెరవండి. గ్యాలరీలో వెనక్కి పొండి. మీ అవ్వో, తాతో, గూడెం పెద్దో మాట్లాడుతున్న వీడియో ఒకటి ఉంటుంది. ఫోన్ నిండకముందే, వాళ్లు ఉండగానే, వాళ్లను అడిగి ఆ గొంతును భద్రం చేయండి. పని రాకపోతే మా దగ్గరికి రండి, నేర్పిస్తాం. వస్తే ఇంకొకరికి నేర్పండి.

జై ఆదివాసీ!